మందు తాగాడంటే ఏ మందు అని అడగాలిగా!

పోయిన నెల మలేరియా గురించి రాస్తే మూడు ఉత్తరాలొచ్చాయి, అందులో ఒకటి మంచి దోమతెర ఎక్కడ దొరుకుద్దని. ఈ నెల ఎంబీబీఎస్ పరీక్షలు ఎలా తయారవుతాయో అడగండి అన్నానో లేదో వాట్సాప్ నిండిపోయింది, పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, మేష్టార్లు, ఆఖరికి ఒక నాటకాల ఆయన కూడా. నేను ముప్పై ఏళ్ళు జనరల్ మెడిసిన్ చెప్పి రిటైరైనదాన్ని, అందులో ఆఖరి తొమ్మిదేళ్ళు పరీక్షల కమిటీ నా నెత్తిన ఉంది, కాబట్టి తిట్లు కూడా నాకే తగలాలి, కానివ్వండి. అందరివీ వెయ్యలేను, కొన్ని వేస్తున్నా.

ప్రశ్న: మేడం, నేను గుంటూరు దగ్గర ఒక మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ని. ఈ ఏడాది నుంచి మెడిసిన్ ఇంటర్నల్స్ పేపర్లు, ప్రాక్టికల్స్ మొత్తం డిజైన్ చేసే పని నన్ను లీడ్ చెయ్యమన్నారు. డిపార్ట్‌మెంట్‌లో నాకంటే సీనియర్లు ఏడుగురున్నారు. పదేళ్ళ పాత పేపర్లు ముందేసుకుని కూర్చున్నా, ఎక్కడ మొదలెట్టాలో అర్థం కావట్లేదు. (పేరు వద్దన్నారు, బ్రాడీపేట)

జవాబు: ముందు ఆ పాత పేపర్లు బీరువాలో పెట్టి తాళం వెయ్యండమ్మా. ఎగతాళికి చెప్పట్లేదు. పాత పేపర్ చూసి కొత్త పేపర్ చేస్తే ఏమవుద్దో నాకు బాగా తెలుసు, మొదటి రెండేళ్ళు నేనూ అదే చేశా. "ఎటియాలజీ, క్లినికల్ ఫీచర్స్ అండ్ మేనేజ్‌మెంట్ ఆఫ్" అని ఒక అచ్చు ఉంటది కదా, ఇడ్లీ ప్లేట్లో పిండి పోసినట్టు అందులో జబ్బు పేరు మార్చి మార్చి పోసుకుంటూ పోవడమే, గంటలో పేపర్ రెడీ, టీ తాగి ఇంటికెళ్ళిపోవచ్చు. కాకపోతే పిల్లలు సిలబస్ చదవరు, పేపర్ చదువుతారు. మనం ఏది అడిగితే వాళ్ళకి అదే మెడిసిన్. ఇరవై ఏళ్ళకొకసారి కనపడే జబ్బు ఏటా అడిగితే దాన్ని బ్రహ్మాండంగా చదివేసి, రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో షుగర్ పడిపోయి వచ్చిన మనిషిని చూసి గుడ్లప్పగిస్తారు, అప్పుడు "ఈ తరం పిల్లలకి ఏమీ రాదు" అని స్టాఫ్ రూంలో మనమే అనుకుంటాం.

మరి ఎక్కడ మొదలెట్టాలంటే మీ ఆస్పత్రి క్యాజువాలిటీ రిజిస్టర్ దగ్గర. నిజంగా తెప్పించుకోండి, ఇద్దరు పీజీల్ని కూర్చోబెట్టుకుని రెండు సాయంత్రాలు తిరగెయ్యండి. మీ చుట్టుపక్కల మిర్చి, పత్తి చేలు, అటు తెనాలి వైపంతా వరి, కాబట్టి పురుగుమందు తాగినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, పక్షవాతాలు, ఫిట్స్, జ్వరాలు, ఇవన్నీ వరసగా కనపడతాయి. ఇప్పుడు ఒక్కో టాపిక్‌కి రెండు అంకెలు వెయ్యండి. డాక్టర్‌కి ఇది తెలియకపోతే పేషెంట్‌కి ఎంత నష్టం, 1 నుంచి 3. ఎంత తరచుగా వస్తది, మళ్ళీ 1 నుంచి 3. రెండూ గుణించండి. ఉదాహరణకి విషాలు, కాట్లు అనే భాగానికి మీరు 20 మార్కులు అనుకున్నారు అనుకుందాం. పురుగుమందు మూడు మూళ్ళు తొమ్మిది, పాముకాటు మూడు రెళ్ళు ఆరు, కల్తీసారాలో ఉండే మిథనాల్ నష్టంలో 3, రావడంలో 1 కాబట్టి 3, పారాసెటమాల్ ఎక్కువ మింగినవాళ్ళు 2 ఇంటూ 1 రెండు. మొత్తం 20, మార్కులు కూడా అలాగే పంచెయ్యండి. ఇక్కడ లెక్క చక్కగా కుదిరింది, మీకు అన్నిసార్లూ కుదరదు, కొంచెం అటూఇటూ సర్దుకోవాలి. ఇది నేను కనిపెట్టిందేం కాదు, బ్లూప్రింట్ అని ప్రతి మెడికల్ ఎడ్యుకేషన్ ట్రైనింగ్‌లో చెప్తారు, అందరం సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టుకుంటాం, అంతే.

తర్వాత రెండో పని. మన దగ్గర 2019 బ్యాచ్ నుంచి కాంపిటెన్సీ బేస్డ్ కరికులమ్ (ఏం చదివాడని కాదు, ఏం చెయ్యగలడని చూసే సిలబస్) వచ్చింది కదా, అప్పటి ఎంసీఐ (మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) ఇచ్చిన ఆ పుస్తకాల్లో ప్రతి కాంపిటెన్సీ పక్కన కె, కెహెచ్, ఎస్‌హెచ్, పి అని ఒక అక్షరం ఉంటది. తెలుసు, ఎలాగో తెలుసు, ఎలాగో చేసి చూపిస్తాడు, సొంతంగా చేస్తాడు. మూలం 1990లో అమెరికాలో జార్జ్ మిల్లర్ అనే ఆయన గీసిన పిరమిడ్. ఆ అక్షరాల్ని చాలామంది అలంకారం అనుకుంటారు గానీ మీ పేపర్ డిజైన్ మొత్తం అక్కడే ఉంది. పక్కన ఎస్‌హెచ్ అని ఉన్నదాన్ని థియరీలో షార్ట్ నోట్ అడిగారంటే, ఈత వచ్చో రాదో కృష్ణలో దింపి చూడకుండా ఈత గురించి అరపేజీ రాయించుకున్నట్టు. కాబట్టి ముందు టాపిక్‌లన్నీ రెండు కుప్పలు పొయ్యండి, కాగితం మీద తేలేవి ఒక వైపు, మంచం పక్కన మాత్రమే తేలేవి ఇంకో వైపు, ఆ తర్వాతే ప్రశ్నలు.

సీనియర్ల సంగతి. ఇదే అసలు కష్టం, నాకు తెలుసు. ఎవరి ప్రశ్నని మీటింగ్‌లో బాలేదు అనకండి, జన్మలో మర్చిపోరు. నేను చేసిన ఉపాయం ఒకటుంది, ఒకరి ప్రశ్నకి ఇంకొకరి చేత కీ (దిద్దేవాళ్ళ కోసం రాసే జవాబు) రాయించండి. మా దగ్గర పెద్దాయన ఒకరు "డయాబెటిస్ గురించి వ్రాయుము, 10 మార్కులు" అన్న టైపు ప్రశ్న ఇచ్చారు. నలుగురికి పంపించి కీ రాసుకురమ్మన్నా. ఒకరు సగం పేజీ ఇన్సులిన్ రకాలు రాశారు, ఒకరు కిడ్నీ, కళ్ళు, కాళ్ళ కాంప్లికేషన్లు, ఒకరు డయాగ్నసిస్ అంకెలు, ఇంకొకరు అన్నీ రెండేసి ముక్కలు. నాలుగు కాగితాలు టేబుల్ మీద పక్కపక్కన పెట్టా, ఒక్క మాట కూడా అనలా. పెద్దాయనే కళ్ళజోడు తీసి తుడుచుకుని "మనకే పొంతన లేకపోతే వాళ్ళేం రాస్తారమ్మా" అన్నారు. తర్వాత ఆయనే దాన్ని మార్చారు, 52 ఏళ్ళ ఆటో డ్రైవర్, పదేళ్ళుగా షుగర్, అరికాలికి నొప్పి లేని పుండు, అని మొదలెట్టి, పుండు ఎందుకొచ్చింది 3 మార్కులు, కాలు ఎలా పరీక్ష చేస్తావు 3, ఈ వారం ఏం చేస్తావు 4 అని. పది మార్కులే, అదే జబ్బే, కానీ ఇప్పుడు దిద్దేవాళ్ళు నలుగురైనా మార్కులు దగ్గరదగ్గరగా వస్తాయి.

ఇంకొకటి, పరీక్ష అయిపోగానే పని అయిపోయింది అనుకోకండి. ఎంసీక్యూలు (ఆప్షన్లలో ఒకటి ఎంచుకునే ప్రశ్నలు) దిద్దాక వంద రకాల లెక్కలు అక్కర్లేదు, రెండు చాలు. 150 మంది క్లాసు అయితే మొత్తం మార్కుల్లో పైన 27 శాతం, అంటే ఓ 40 మంది, కింద నుంచి ఇంకో 40 మంది, వీళ్ళ షీట్లు పక్కన పెట్టుకోండి. ఒక ప్రశ్న పైవాళ్ళలో 30 మంది, కిందవాళ్ళలో 12 మంది కరెక్ట్ చేశారు అనుకోండి, 80లో 42 అంటే సగం పైచిలుకు, మధ్యస్తం ప్రశ్న. 30లోంచి 12 తీసేసి 40తో భాగిస్తే 0.45, అంటే చదివినవాణ్ణి చదవనివాణ్ణి బాగానే విడదీస్తోంది.

మా దగ్గర ఒకసారి దీనికి ఉల్టా వచ్చింది. పైవాళ్ళలో 9 మంది, కిందవాళ్ళలో 17 మంది కరెక్ట్, లెక్కేస్తే మైనస్ 0.2. ప్రశ్న ఏంటంటే "పాము కరిచిందని వచ్చిన పేషెంట్‌కి మొదట ఏం చేస్తారు", కీలో యాంటీ స్నేక్ వీనమ్ (పాము విషానికి విరుగుడు) అని ఉంది. ఆ ప్రశ్న రాసింది ఎవరో కాదు, నేనే. టాపర్లంతా 20 నిమిషాల రక్తం గడ్డకట్టే టెస్టు పెట్టారు. వాళ్ళదే రైటు, విషం ఎక్కిన లక్షణాలు ఉంటేనే వీనమ్ ఇవ్వాలి, నా ప్రశ్నలో లక్షణాల ఊసే లేదు, సగం కాట్లలో విషమే దిగకపోవచ్చు కూడా. చదవనోడు పాము అనగానే వీనమ్ అని గుద్దేసి మార్కు కొట్టేశాడు, చదివినోడు ఆలోచించి పోగొట్టుకున్నాడు. ఆ ప్రశ్న తీసేసి అందరికీ మార్కులు సర్దాం, క్లాసులో సారీ చెప్పా. మరుసటేడు దాన్ని ఇలా రాశా: కౌలు రైతు, 35 ఏళ్ళు, రాత్రి పాకలో నేల మీద పడుకున్నాడు, తెల్లారుజామున కడుపులో నొప్పితో లేచాడు, ఇప్పుడు రెప్పలు వాలిపోతున్నాయి, గుటక పడట్లేదు, ఒంటి మీద కాటు గుర్తు కనపడట్లేదు, 20 నిమిషాల టెస్టులో రక్తం గడ్డకట్టింది, ఏమయ్యుంటుంది? ఆప్షన్లు చేత్తో మూసేసినా కట్లపాము అని చెప్పగలిగితే అది మంచి ప్రశ్న, మీరు కూడా ప్రతి ఎంసీక్యూనీ ఇలా చెయ్యి అడ్డం పెట్టి చూసుకోండి. ఆప్షన్ల వంక చూస్తే గానీ ప్రశ్నే అర్థం కాకపోతే తిరిగి రాయాలి. "పైవన్నీ", "పైవేవీ కావు" అయితే అస్సలు పెట్టకండి, నాలుగో ఆప్షన్ తోచక పెట్టేవే అవి.

ప్రశ్న: మేడం నమస్తే, నేను ఫైనల్ ఇయర్, విజయవాడలో హాస్టల్‌లో ఉంటా. మాకీసారి ఓస్కీ (వరసగా స్టేషన్లు పెట్టి, ఒక్కో దాంట్లో కొన్ని నిమిషాల్లో ఒక చిన్న పని చేయించే ప్రాక్టికల్ పరీక్ష) పెడతారంట. సీనియర్లు చెక్‌లిస్ట్ పీడీఎఫ్‌లు పంపించారు, బట్టీ కొట్టేస్తే సరిపోద్దా? లాంగ్ కేస్ ఉండగా మళ్ళీ ఇదెందుకు?

జవాబు: సరిపోదు నాన్నా. ఎందుకో చెప్తా, కాస్త పెద్దదవుద్ది.

లాంగ్ కేస్ మంచిదే, ఒక మనిషి దగ్గర గంట కూర్చుని మొత్తం కథ లాగడం నేర్పుద్ది, నేను దాన్ని తీసెయ్యమనను. కానీ అది లాటరీ. నీకు మైట్రల్ స్టెనోసిస్ (గుండె వాల్వు సన్నబడ్డ కేసు) వచ్చింది, పక్కవాడికి ఏ మాటకీ పలకని ముసలాయన వచ్చాడు. పైగా ఏళ్ళ తరబడి పరీక్షలకి వచ్చే పేషెంట్లు ఉంటారు, "నాది వాల్వు బాబూ, స్టెత్ ఇక్కడ పెట్టు, ఎడమ పక్కకి తిరగమను నన్ను" అని వాళ్ళే పాఠం చెప్తారు. ఒక కేసు బాగా చేసినోడు ఇంకో కేసు కూడా బాగా చేస్తాడన్న గ్యారెంటీ లేదు, గుండె వచ్చినవాడికి నరాలు రావు. అందుకే ఒకటే పెద్ద ముద్ద తినిపించి రుచి చెప్పమనే బదులు పది చిన్న ముద్దలు పెడదాం అని 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ ఈ ఓస్కీ మొదలెట్టాడు. అందరికీ అవే స్టేషన్లు, అంతే టైము, అదే చెక్‌లిస్ట్.

ఒక స్టేషన్ చూపిస్తా, ఇది నేను చేసిందే, ఇప్పుడు వాడట్లేదు కాబట్టి చెప్పొచ్చు. తలుపు మీద కాగితం: "ఇతన్ని ఇప్పుడే క్యాజువాలిటీకి తెచ్చారు, లోపల సిస్టర్ చూస్తోంది. భార్యతో మాట్లాడి వివరాలు తీసుకోండి. 5 నిమిషాలు." లోపల కుర్చీలో ఒకామె, మా హాస్పిటల్ ఆయమ్మే. స్టూడెంట్ వెళ్ళి ఏమైందమ్మా అంటే ఆమె చెప్పేది ఒకటే వాక్యం, "మందు తాగాడండీ." అంతే, ఇక అడిగితే తప్ప చెప్పదు. మన వైపు మందు అంటే ఏంటి? డాక్టర్ రాసిన మందు కావచ్చు, వైన్ షాపు మందు కావచ్చు, చేలో కొట్టే మందు కావచ్చు. ఆ రోజు వచ్చినవాళ్ళలో చాలామంది "రోజూ తాగుతాడా, ఎన్నేళ్ళ నుంచి, క్వార్టరా ఆఫా" అని లివర్ వైపు వెళ్ళిపోయారు, నాలుగున్నర నిమిషాలు సారా లెక్కలు. ఒకమ్మాయి మాత్రం వెంటనే "ఏ మందమ్మా, డబ్బా తెచ్చారా?" అంది. ఆయమ్మ చెంగు కింద నుంచి ఖాళీ డబ్బా తీసి ఇచ్చింది. అడిగితేనే ఇవ్వమని చెప్పాం.

ఇంగ్లీష్ టెక్స్ట్‌బుక్ ఎన్నిసార్లు తిరగేసినా ఈ ముక్క దొరకదు, అందుకే ఆ స్టేషన్ పెట్టా.

చెక్‌లిస్టులో ఏమున్నాయంటే ఏ మందు, ఎంత, ఎన్నింటికి, డబ్బా ఏది, ఇంట్లో వాంతి చేయించారా, ఫిట్స్ వచ్చాయా, బట్టల మీద పడిందా, ఇంతకుముందెప్పుడైనా ఇలా చేశాడా. ఇవన్నీ నీ పీడీఎఫ్‌లో కూడా ఉండొచ్చు. కానీ ఆయమ్మకి మేం ఇంకో వాక్యం ఇచ్చాం, మధ్యలో నెమ్మదిగా "మొన్న అప్పులోళ్ళు ఇంటి ముందు కూర్చున్నారండీ" అనాలి. బట్టీ కొట్టి వచ్చినోళ్ళు ఆ మాట చెవిన పడనట్టే "ఓకే, షుగర్ ఉందా, బీపీ ఉందా" అని చకచకా పోయారు, టిక్కులు మాత్రం ఫుల్లు. ఆగి ఆమె వైపు చూసినవాళ్ళకి మూడు టిక్కులు తక్కువొచ్చినా సరే మాకు తెలిసిపోయింది ఎవరు డాక్టరో. అందుకే ఆ తర్వాత నుంచి చెక్‌లిస్ట్ పక్కనే ఇంకో గడి పెట్టాం, మొత్తం మీద ఈ స్టూడెంట్ ఎలా చేశాడు, ఫెయిల్, అంచున ఉన్నాడు, పాస్, బాగా చేశాడు అని ఎగ్జామినర్ తన మనసులో మాట వేస్తారు. నీ పీడీఎఫ్ ఆ గడిలో పనిచెయ్యదు.

ఇంకా నవ్వొచ్చేది చేతులు కడుక్కోవడం. శానిటైజర్ ఎదురుగా ఉంటది, దాన్ని ముట్టుకోకుండా గోడకేసి చూస్తూ "ఐ యామ్ వాషింగ్ మై హ్యాండ్స్ సార్" అంటారు. నువ్వు అలా అనకు.

మీ మేడంలని, సార్లని కూడా ఒక్కసారి అర్థం చేసుకో. పది స్టేషన్లు, ఒక్కోటి 5 నిమిషాలు, మారడానికి ఇంకో నిమిషం, అంటే పదిమందికి గంట. 150 మందికి 15 గంటలు. ఒకేరోజు తేలాలంటే మూడు సర్క్యూట్లు పక్కపక్కన నడపాలి, 5 గంటలు, మూడింతల ఎగ్జామినర్లు, మూడింతల ఆయమ్మలు, ఒకటే బెల్లు, ఆ బెల్లు కొట్టేవాడు టీకి వెళ్తే మొత్తం తలకిందులు. మా మొదటి ఓస్కీలో అదే జరిగింది, వాడొచ్చేదాకా ఏడో స్టేషన్ అమ్మాయి పదకొండు నిమిషాలు బీపీ చూస్తూనే ఉంది.

ప్రశ్న: మా అమ్మాయికి థియరీలో మంచి మార్కులు, వైవాలో (నోటి పరీక్షలో) మాత్రం బొటాబొటీ. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మూడ్ బాగోలేదంట, మధ్యాహ్నం లంచ్ తర్వాత బ్యాచ్ అంట. పిల్లల జీవితాలు వాళ్ళ మూడ్ మీద ఆధారపడాలా? (ఒక తండ్రి, పటమట, విజయవాడ)

జవాబు: ఆధారపడకూడదండీ, కానీ కొంతవరకు ఆధారపడుతున్న మాట నిజం, కప్పిపుచ్చను. ఎగ్జామినర్లలో డేగలు (కఠినంగా మార్కులు వేసేవాళ్ళు), పావురాలు (ఉదారంగా వేసేవాళ్ళు) అని రెండు జాతులు ఉన్నాయని ఇంగ్లీషు వాళ్ళు కూడా రాసుకున్నారు. ఇంట్లో గొడవపడి వచ్చిన డేగ ఎదురుగా పడితే ఎవరికైనా నత్తి వస్తది. అన్‌స్ట్రక్చర్డ్ వైవా, అంటే నోటికొచ్చింది అడగడం, దాని మార్కులు నమ్మదగినవి కావు అని మెడికల్ ఎడ్యుకేషన్ చదివిన ఎవరైనా చెప్తారు. "ఏ ఊరు, నాన్నగారు ఏం చేస్తారు" తో రెండు నిమిషాలు, తనకిష్టమైన టాపిక్‌తో మూడు నిమిషాలు, అయిపోయింది.

దీనికి మందు పెద్ద ఖరీదైనది కాదు. ముందే ప్రశ్నల కార్డులు రాసుకోవాలి, ఒక్కో కార్డులో తేలికది, మధ్యస్తం, కష్టం వరసగా, పక్కన ఎంత చెప్తే ఎన్ని మార్కులో. ఇద్దరు ఎగ్జామినర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే విడివిడిగా మార్కులు వేసుకోవాలి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే సీనియర్ "యావరేజ్" అన్నాక జూనియర్ 18 వెయ్యలేడు. నేను ఉన్నన్నాళ్ళు పెన్నుతో వెయ్యమనేదాన్ని, పెన్సిల్ ఇవ్వలా. కొందరు అలిగారు కూడా.

మీ అమ్మాయికి మాత్రం ఒక మాట చెప్పండి, తెలియకపోతే తెలియదు అనమనండి. తెలియని చోట కథలల్లితే పావురం కూడా డేగ అయిపోద్ది.

ప్రశ్న: నీట్ లాగా మొత్తం ఎంసీక్యూలే పెట్టి మెషీన్‌తో దిద్దేస్తే ఈ గొడవలన్నీ పోతాయిగా?

జవాబు: కొన్ని పోతాయి, నిజమే. ఎంసీక్యూని అందరూ తిడతారు గానీ మంచివి వంద రాస్తే పది ఎస్సేల కంటే ఎక్కువ సిలబస్ కవర్ అవుద్ది, దిద్దేవాడి చేతిరాత ఇష్టాయిష్టాలు ఉండవు. మంచివి వంద రాయడమే కష్టం. రూల్ ప్రకారం యూనివర్సిటీ థియరీలో ఎంసీక్యూలకి 20 శాతం మించి ఇవ్వకూడదు, అది సబబే అని నా ఉద్దేశం, ఇందాక చెప్పిన "మందు తాగాడండీ"కి కింద నాలుగు ఆప్షన్లు ఇచ్చి చూడండి, ప్రతివాడికీ కరెక్టే వస్తది.

ప్రశ్న: నేను రిటైర్డ్ ప్రొఫెసర్ని, గుంటూరు మెడికల్ కాలేజీలో చదువుకున్న పాతతరం వాణ్ణి. మా రోజుల్లో మెడిసిన్ ఫస్ట్ అటెంప్ట్‌లో పాసవడమే గొప్ప. ఇప్పుడు అందరూ పాస్. పేపర్ టఫ్‌గా ఇవ్వకుండా స్టాండర్డ్ ఎలా నిలబడుతుంది?

జవాబు: నమస్కారం సార్. 1946లో పెట్టిన కాలేజీ, మీరు చదివిన రోజులకీ ఇప్పటికీ మధ్య చాలా మారింది, మీ వార్డు రౌండ్ల కథలు మా సీనియర్లు ఇప్పటికీ చెప్తారు. కానీ ఈ ఒక్క విషయంలో మీతో వాదిస్తా, కోప్పడకండి. ఎక్కువమంది తప్పడం పేపర్ గొప్పతనం కాదు సార్. తప్పినవాడు ఎందుకు తప్పాడు అన్నది చూడాలి. వాడికి పురుగుమందు కేసులో అట్రోపిన్ ఎప్పటిదాకా ఇస్తూ పోవాలో తెలియక తప్పితే న్యాయం, ఏదో సిండ్రోమ్‌కి మొదట పేరు పెట్టిన జర్మన్ ఆయన ఎవరో తెలియక తప్పితే ఏం ప్రయోజనం.

టఫ్‌నెస్ ఎంత ఉండాలో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది, ఆంగాఫ్ అని 1971 నాటిది. ఏం చేస్తారంటే ఐదారుగురు టీచర్లు కూర్చుని ఒక స్టూడెంట్‌ని ఊహించుకుంటారు, బాగా చదివేవాడు కాదు, మొద్దు కాదు, సరిగ్గా గట్టు మీద నిలబడ్డవాడు, ఇంటికి పంపితే భయం, పాస్ చేస్తే అనుమానం. అలాంటివాళ్ళు వందమంది ఉంటే ఈ ప్రశ్న ఎంతమంది చేస్తారు? ఒకరు 60 అంటారు, ఒకరు 70, 50, 65, 55, సగటు 60. ఇలా ప్రతి ప్రశ్నకీ వేసి మొత్తం సగటు తీస్తే అదే పాస్ మార్కు. మన దగ్గర పాస్ మార్కు 50 శాతం అని ముందే రూల్ ఉంది కదా, మార్చలేం, అందుకని నేను ఉల్టా వాడేదాన్ని, ఆ గట్టు మీద వాడికి మొత్తం పేపర్లో 50 దగ్గర వచ్చేలా ప్రశ్నల్ని సర్దేదాన్ని. మొదటిసారి చేస్తే మా పేపర్‌లో వాడికి 31 వచ్చింది. అంటే మేం పాస్ కావాల్సిన పిల్లల్ని కూడా ఫెయిల్ చెయ్యబోతున్నాం. మరుసటి టర్మ్‌లో ఇంకో సబ్జెక్ట్ వాళ్ళ పేపర్ చూస్తే 68, అక్కడ గోడ దూకినోడు కూడా పాసే.

మీటింగ్ మాత్రం మూడు గంటలు పట్టింది సార్, అందులో గంటన్నర "మా రోజుల్లో" మీదే అయిపోయింది.

ప్రశ్న: నేను టెన్త్ దాకా తెలుగు మీడియం, పల్నాడు నుంచి వచ్చి గుంటూరులో ఎంబీబీఎస్ సెకండ్ ఇయర్. విషయం తెలుసు మేడం, ఇంగ్లీష్ వాక్యాలు కుదరక థియరీలో మార్కులు పోతున్నాయి.

జవాబు: వాక్యాలు కుదరకపోతే వాక్యాలు రాయకమ్మా. పాయింట్లు రాయి, బాణం గుర్తులతో ఫ్లోచార్ట్ వెయ్యి, పెట్టె గీసి అందులో రాయి. దిద్దేవాళ్ళ కీలో ఉండేవి కూడా పాయింట్లే, నీ వ్యాకరణానికి విడిగా మార్కు లేదు. ఇది పేపర్ చేసేవాళ్ళకి కూడా చెప్తున్నా, ప్రశ్నలో ఇంగ్లీష్ మెలికలు పెడితే మీరు పరీక్షించేది మెడిసిన్ కాదు, "ఆల్ ఆఫ్ ది ఫాలోయింగ్ ఆర్ నాట్ ట్రూ ఎక్సెప్ట్" అన్న వాక్యాన్ని నేను కూడా మూడుసార్లు చదువుకుంటా.

ఇంకో సంగతి, ప్రాక్టికల్స్‌లో నీదే పైచెయ్యి. "గుండెల్లో దడ", "ఎగపోత", "కళ్ళు బైర్లు కమ్మడం" అని పేషెంట్ అంటే కార్పొరేట్ స్కూల్ పిల్లలు మా మొహం చూస్తారు.

ప్రశ్న: అమ్మా, నాది తెనాలి. రిటైర్డ్ హైస్కూల్ టీచర్ని, నలభై ఏళ్ళుగా పరిషత్ నాటకాలు ఆడుతున్నాను. డాక్టర్ల పరీక్షల్లో పేషెంట్లుగా నటించేవాళ్ళు కావాలని విన్నాను, నాలాంటివాళ్ళు రావచ్చా?

జవాబు: రావచ్చు గురువుగారూ, రావాలి కూడా, మా ఆయమ్మలు ఎన్ని వేషాలని వేస్తారు. దీన్ని సిమ్యులేటెడ్ పేషెంట్ అంటారు, ముందురోజు గంటా రెండు గంటలు ట్రైనింగ్ ఇస్తారు, ఒక పేజీ కథ ఇస్తారు. కొంచెం దారి ఖర్చు, భోజనం పెడతారు, అంతకంటే ఆశపడకండి.

అయితే నాటకాల వాళ్ళతో మాకు ఒక అనుభవం ఉంది. ఛాతీ నొప్పి వేషానికి ఒకాయన్ని పిలిచాం, ఎంత బాగా చేశారంటే మొదటి కుర్రాడు నిజంగా నొప్పేమో అని సిస్టర్‌ని కేకేశాడు. రెండో స్టూడెంట్‌కి చెమటలు కూడా తెప్పించుకున్నారు. నాలుగో స్టూడెంట్ దగ్గరికి వచ్చేసరికి కథలో లేని తమ్ముడొకడు వచ్చాడు, ఏడో స్టూడెంట్‌కి ఆ తమ్ముడు పొలం కాజేశాడు, నొప్పి మాత్రం ఎడమ చెయ్యిలోంచి కుడి చెయ్యిలోకి మారింది. చప్పట్లు కొట్టాలనిపించింది గానీ ఆ స్టేషన్ మార్కులు మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. ఓస్కీలో పదిహేనోవాడికి కూడా మొదటివాడికి చెప్పిందే, అదే గొంతుతో, అడిగితేనే చెప్పాలి. కాబట్టి వచ్చేటప్పుడు పాత కళ్ళజోడు, నలిగిన చొక్కా తెచ్చుకోండి, మధ్యలో పద్యం మాత్రం ఎత్తుకోకండి.